నాలుగో నంబరు ఇంట్లో పాలు పొంగాయి

ముప్ఫై ఏళ్లుగా నా కడుపులో ఒక మంట ఉంది. ముందు అది చెప్పి తరవాత ప్రయాణం చెబుతాను. ఆ మంట లేకపోతే ఈ ప్రయాణమే లేదు. మా పెళ్లయిన మర్నాడు నా భార్య నర్సమ్మను వెంటబెట్టుకుని, డర్బన్‌కు దక్షిణాన ఆమె పుట్టిన మార్‌బర్గ్ నుంచి కిందికి, సముద్రం దగ్గరికి వెళ్లాను. ఆమె చిన్నప్పటి నుంచి ఆ సముద్రాన్ని దొడ్లో బట్టలు ఆరేస్తూ చూసిందే గాని అందులో కాలు తడపలేదు. ఒంటి మీద ఇంకా పసుపు బట్టలే. చెప్పులు విప్పి ఇసుకలో నాలుగడుగులు వేసిందో లేదో, ఒకడు ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. రెండు ఇనుప గుంజల మధ్య ఉన్న బోర్డు చూపించాడు. తెల్లవాళ్లకు మాత్రమే అని ఉంది. మీ బీచి ఏటికి అవతల, ఆ రాళ్ల దగ్గర, అన్నాడు.  నర్సమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది.

ఆమె తమ్ముడు సిమ్మాద్రి, మిగతా చుట్టాలు రోడ్డు మీద నిలబడి ఇదంతా చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇసుక పైన వరసగా ఉన్న తెల్ల ఇళ్లను చూపించి అందరూ వినేలా అన్నాను: "ఒక రోజు నర్సమ్మ ఆ ఇంట్లో నిద్ర లేస్తాది. ఈ ఇసక మీద నా సేత్తో టీ మరగబెట్టి ఇస్తాను. సూస్కోండి!" అప్పుడు సిమ్మాద్రికి మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు, పెళ్లిలో కనిపించినా, చావు ఇంట కనిపించినా, గుడిలో హారతి మధ్య కనిపించినా వాడు నన్ను అడిగే మాట ఒకటే. "బావా, టీ మరిగిందా?" ఈల ఊదినవాడిని మళ్లీ చూడలేదు. వీడిని మాత్రం ముప్ఫై ఏళ్లు చూడాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీర్లు, డాక్టర్లు గుడి దగ్గర నన్ను పట్టుకుని అడుగుతున్నారు. హాలిడే క్లబ్బులో చేరావట గదా, ఎలా ఉంటుంది, వెళ్లొచ్చా, మోసమా అని. ఒక్కొక్కరికీ చెప్పడం నా వల్ల కాదు. ఆదివారం బడిలో నేర్చుకున్న నాలుగు తెలుగు అక్షరాలున్నాయి గనక రాస్తున్నాను. క్లబ్బు పేరు రాయను. వాళ్లు నా ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పాక రాస్తాను.

తెల్లవాళ్లతో పాటు మేం అందరం మొదటిసారి ఓటు వేసిన ఏడాది, జూలై చలికాలంలో, డర్బన్‌లో ఒక షాపింగ్ సెంటర్ దగ్గర టై కట్టుకున్న కుర్రాడు నన్ను ఆపాడు. అంతకు ముందు టై కట్టినవాడెవడూ నాకోసం ఆగింది లేదు. హోటల్లో ఉచితంగా టిఫిన్ పెడతాం, ఒక్క గంట కూర్చోండి అన్నాడు. ఆ గంట మూడు గంటలైంది. గుడ్లు, రొట్టె, జ్యూసు బాగానే పెట్టారు. ఇల్లు కొనక్కర్లేదు, సున్నం వేయక్కర్లేదు, ముందుగా డబ్బు కట్టేస్తే చాలు, దేశమంతా ఉన్న మా ఇళ్లన్నీ మీవే అన్నారు. నేను ఒక్క మాటే అడిగాను. మార్‌బర్గ్ కింద ఫలానా బీచి మీద తెల్ల ఇళ్లున్నాయి, అవి మీ దగ్గర ఉన్నాయా? కుర్రాడు పుస్తకం తిరగేశాడు. బొమ్మ చూపించాడు. పచ్చ రేకుల కప్పు, ముందు వరండా, వరండా కింద ఇసుక, తలుపు మీద నాలుగో నంబరు. మొబేనిలో పెయింటు ఫ్యాక్టరీలో నేను ఊపిరితిత్తులు అరగదీసుకుని దాచిన డబ్బు అక్కడే కట్టాను. ఇందులో నన్నెవడూ మోసం చెయ్యలేదు. నాకేం కావాలో నాకు తెలుసు.

పద్ధతి ఇలా ఉంటుంది. మీరు కట్టినదాన్ని బట్టి ఏడాదికి ఇన్ని పాయింట్లని ఇస్తారు. డిసెంబరు సెలవుల్లో, అంటే ఇక్కడి ఎండాకాలంలో, ఒక వారానికి అవన్నీ ఊడ్చుకుపోతాయి, అయినా ఇల్లు దొరకదు. ఫిబ్రవరిలో అయితే అందులో సగం కూడా అవ్వదు. ఎండ అంతే, సముద్రం అంతే. ఫోను చేసి నాలుగైదు నెలల ముందే చెప్పుకోవాలి. పాయింట్లు కాక ఏడాదికొకసారి ఇళ్ల బాగోగులకని వేరే కట్టాలి. అది ఆ హోటల్ టిఫిన్ రోజున చాలా చిన్న గొంతుతో చెబుతారు, చెవి పెట్టి వినండి. నేను సెప్టెంబరులో ఫోను చేసి ఫిబ్రవరిలో ఒక వారం, నాలుగో నంబరు ఇల్లే కావాలని పట్టుబట్టాను. ఫోనులో అమ్మాయి సరేనంది. ఆ ఆదివారం గుడి హాల్లో అందరి ముందూ చెప్పాను: "సముద్రం మీద ఇల్లు తీసుకున్నాను." డబ్బు కట్టాను, ఇల్లు మీదే అన్నారు, ఇంకెలా చెప్పమంటారు?

బయలుదేరే రోజు పొద్దున్న డర్బన్ శివారు సీ కౌ లేక్‌లో మా ఇంటి ముందుకు బొంగాని తన కోంబీ వ్యాను తెచ్చాడు. బొంగాని జూలూ కుర్రాడు, మా వీధి మీదుగా టాక్సీ నడుపుతాడు. రానూ పోనూ రెండు వందల ఏభై రాండ్లకు మాట్లాడుకున్నాను. ఇద్దరికి కారు చాలదా అని మీరు అడగొచ్చు. నేను కూడా అదే అడిగాను. ఎందుకంటే నర్సమ్మ వాకిట్లో పెట్టినవి ఇవి: కొత్త చీపురు, ఇత్తడి గిన్నె, పాల సీసాలు, బియ్యం, పసుపు, దీపం కుంది, సాంబ్రాణి, మామిడి కొమ్మ, చంటిపిల్లంత గుమ్మడికాయ.

"ఏటే ఇది? హాలిడేకి ఎల్తన్నామా, కాపరానికి ఎల్తన్నామా?" అన్నాను.

"కొత్తిల్లేనా కాదా?"

"కొత్తిల్లే."

"డబ్బు కట్టినావా నేదా?"

"కట్టినాను."

"మరి పాలు పొంగించకుండా ఆ ఇంట్లో ఎలా తొంగుంటాం మావా? మా అమ్మ సూస్తే ఏటంటాది?" అంది. వాళ్లమ్మ పోయి పదిహేనేళ్లయింది. అయినా ఆమె అన్నది నిజమే. కొత్త ఇంట్లో అడుగు పెడితే పాలు పొంగాలి, గుమ్మం ముందు గుమ్మడికాయ పగలాలి. మా తాతలు చెరకు తోటల్లో కూలీలుగా బారకాసుల వరస గదుల్లో ఉన్నప్పుడు కూడా ఇది మానలేదు.

బొంగాని గుమ్మడికాయను ఎత్తి చూసి, "హావ్, బాబా! దీనికి కూడా టికెట్ తియ్యాలి," అన్నాడు. దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు.

ఎనిమిదింటికి బండి కదిలింది. ఎన్-టూ రోడ్డు పట్టుకుంటే చాలు, తప్పిపోయే పని లేదు. ఊరు దాటాక మొబేని వస్తుంది. నేను పని చేసిన ఫ్యాక్టరీ గొట్టం రోడ్డు మీదికే కనబడుతుంది. వాసన కిటికీలోంచి వచ్చింది. అద్దం ఎత్తొద్దని బొంగానికి చెప్పాను. ఇన్నేళ్లు ఆ వాసనలోకి వెళ్లాను, ఆ రోజు దాన్ని దాటుకుంటూ పోతున్నాను, కొంచెం సేపు పీల్చాలనిపించింది. ఇసిపింగో దాటితే ఎడమ చేతి వైపు సముద్రం, కుడి వైపు చెరకు. అక్కడి నుంచి ఇక కళ్లకు పండగే. స్కాట్‌బర్గ్ దాటాక రోడ్డు పక్క ఆడవాళ్లు అనాసపళ్లు అమ్ముతారు, సంచీ అయిదు రాండ్లు. బేరం ఆడకండి, దానికే తియ్యగా ఉంటాయి.

"బాబా, ఆ బీచి ఇల్లు నిజంగా మీదేనా?" అని బొంగాని అద్దంలోంచి అడిగాడు. వాడు నాతో ఇంగ్లీషూ, 'ఫనగలో' అనే కలగలుపు జూలూ భాషా కలిపి మాట్లాడతాడు. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఏడాదికి ఒక వారం నాది."

"మిగతా వారాలు?"

"వేరే వాళ్లది."

బొంగాని స్టీరింగు తట్టాడు. "నా కోంబీ కూడా అంతే బాబా. ఆదివారం నాది. మిగతా రోజులు మా ఓనరుది," అన్నాడు. నర్సమ్మ నవ్విన నవ్వుకు గుమ్మడికాయ కూడా కదిలింది.

పదిన్నరకు మార్‌బర్గ్ చేరాం. సిమ్మాద్రి ఇంటి ముందు ఆగక తప్పదు, నర్సమ్మ పుట్టిల్లు అదే. వాడు ఇప్పుడు తల నెరిసిన మనిషి, హార్డ్‌వేర్ దుకాణం నడుపుతాడు. నన్ను చూడగానే గల్లాపెట్టె వదిలి వచ్చి, "బావా, టీ మరిగిందా?" అన్నాడు.

"రేపు మరుగుతాది. కప్పు పట్టుకొచ్చుకో," అన్నాను.

"రేపటిదాకా ఎందుకు? ఇంటికి పాలు పొంగిస్తన్నారంట, అక్క ఫోనులో సెప్పింది. మూడింటికి అందరం ఒచ్చేస్తాం. వంట మాది. మాంసం, బిర్యానీ, పులిహోర, బూరెలు."

నేను నర్సమ్మ వైపు చూశాను. ఆమె అనాసపళ్ల సంచీ వైపు చూసింది.

రెండింటికి ముందు ఇల్లు ఇవ్వరు, తొందరపడి వెళ్లి ప్రయోజనం లేదు. రెండింటికి ఆఫీసులో మేనేజరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఏభై దాటిన తెల్లావిడ, మెడలో తాళాల గుత్తి, మొహం ఎండకు ఎర్రగా కమిలి ఉంది. బల్ల వెనక 'ప్రవేశం మా ఇష్టం' అన్న బోర్డు ఉంది. నేను దాన్ని చూడ్డం ఆమె చూసింది. "అది తాగి గొడవ చేసేవాళ్ల కోసం సార్," అంది. నన్ను సార్ అంది. రెండు వందల రాండ్లు డిపాజిట్ తీసుకుంది, ఏదీ పగలకపోతే తిరిగి ఇస్తారు. నియమాలు చదివి వినిపించింది. కుక్కలు కూడదు. వరండాలో నిప్పు కూడదు. ఇంట్లో ఆరుగురికి మించి ఉండకూడదు, మించితే వారం రద్దవుతుంది, పాయింట్లు తిరిగి రావు. నేను తలాడించాను. మేం ఇద్దరం. ఆరు ఎప్పుడవుతాం?

ఇల్లు బొమ్మలో ఉన్నట్టే ఉంది. పచ్చ కప్పు, నాలుగు అంకె, తెల్ల దుప్పట్లు, గది నిండా ఉప్పు గాలి. వంటింటి కిటికీ తూర్పుకు, అంటే నేరుగా సముద్రానికి. నర్సమ్మ గుమ్మానికి పసుపు రాసింది, మామిడాకులు కట్టింది. కుడికాలు లోపల పెట్టి, ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపుకి నేను కట్టిన డబ్బంతా చెల్లిపోయింది. ఇక ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు.

మూడింటికి సిమ్మాద్రి వచ్చాడు. అందరం అంటే వాడి ఇంట్లో అందరూ అనుకున్నాను. మార్‌బర్గ్‌లో అందరూ అని నాకు అప్పుడు తెలిసింది. మూడు కార్లు, ఒక బక్కీ లారీ, దాని వెనక గుడ్డ కట్టిన పెద్ద పెద్ద గిన్నెలు, గిన్నెల చుట్టూ పిల్లలు. ఒక ముసలమ్మ దిగుతూనే వరండా గోడ చేత్తో తట్టి, "మంచి ఇల్లే కొన్నాడు అల్లుడు," అంది. ఆమె మాటకు నేను అడ్డు చెప్పలేదు.

పాలు పొయ్యి మీద పెట్టారు. ఇక్కడే అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. ఈ ఇళ్లలో గ్యాసు ఉండదు, కరెంటు ప్లేటు ఉంటుంది. ఎంతసేపు చూసినా వేడెక్కదు, ఎక్కిందంటే ఆపినా ఆగదు. పది నిమిషాలు పాలు కదల్లేదు. సాంబ్రాణి పొగ ఇల్లంతా కమ్మింది. సిమ్మాద్రి కర్పూరం వెలిగించి గుమ్మడికాయ తిప్పుతున్నాడు. "అక్కా, ఈ పొయ్యి కూడా మా బావ లాంటిదే. ముప్ఫై ఏళ్లకు మరుగుతాది," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే పాలు లేచాయి. అలా ఇలా కాదు. గిన్నె నాలుగు వైపులా పొంగి, తూర్పుకు, సముద్రం వైపుకు జారి పొయ్యి మీద పడ్డాయి. తూర్పుకు పొంగితే ఇంటికి శుభం. ఆడవాళ్లు గోవిందా అన్నారు. అప్పుడే ప్లేటు టప్‌మని పేలింది, కరెంటు పోయింది, వాకిట్లో గుమ్మడికాయ పగిలింది, ఇంటి కప్పులోంచి ఏదో పరికరం కుయ్యో కుయ్యో అని అరవడం మొదలుపెట్టింది.

అది పొగ తగిలితే అరిచే గంటట. మాకెవరు చెప్పారు? సాంబ్రాణి వేస్తే అరిచే ఇల్లు మేమెప్పుడైనా చూశామా? పక్క ఇళ్లలోని తెల్లవాళ్లు ఈత బట్టల్లోనే బయటికి పరుగెత్తారు, వాళ్ల ఇళ్లలో కూడా కరెంటు పోయింది. మేనేజరమ్మ ఎర్రటి మంటలార్పే సిలిండరు భుజాన వేసుకుని వచ్చింది. గుమ్మం ముందు ఎర్రగా చితికిన గుమ్మడికాయ, కుంకుమ చూసి ఒక్క క్షణం ఆమె మొహం పాలిపోయింది.

"ఎవరికి ఏమైంది?" అంది.

"గుమ్మడికాయకు," అన్నాడు సిమ్మాద్రి.

ఆమె గంట ఆపింది. ఎక్కడో స్విచ్చి వేసి వచ్చింది, వరసకంతా దీపాలొచ్చాయి. ప్లేటు మాత్రం చచ్చిపోయింది. అప్పుడామె నిలబడి మమ్మల్ని వేలితో లెక్కపెట్టింది. లెక్క మధ్యలోనే ఆపేసి నా వైపు తిరిగింది. "సార్, నేను చదివి వినిపించాను. ఆరుగురు. పై నుంచి నాకు వచ్చిన రూలు ఇది. చీకటి పడేలోగా ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"నేను డబ్బు కట్టాను. ఇది నా ఇల్లు," అన్నాను.

"మీ ఇల్లు కాదు సార్. మీ వారం. ఆ వారానికి షరతులున్నాయి," అంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ మండింది. ముప్ఫై ఏళ్ల కింద ఈల ఊదినవాడు కూడా మర్యాదగానే చెప్పాడు.

నేను ఇంకా పెద్ద మాట అనబోయాను. అంతలో నర్సమ్మను చూశాను. మంచం అంచున కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు చేత్తో పట్టుకుంది.  నేను బతిమాలేవాడిని కాదు, ఫ్యాక్టరీలో కూడా ఎవడినీ బతిమాలలేదు. కాని ఆ చెప్పులు చూశాక బతిమాలడానికి కూడా సిద్ధపడ్డాను. 

నా బామ్మర్ది కూడా ఆ చెప్పులే చూస్తున్నాడు. వాడి మొహంలో నవ్వు పోవడం నేను మొదటిసారి చూశాను. ముందుకొచ్చి అడిగాడు: "మేడం, ఆరుగురు అన్న రూలు ఎక్కడిదాకా?"

"అంటే?"

"ఇంట్లోనా, వరండాలోనా, ఇసక మీద కూడానా?"

ఆమె వరండా చివర మోకాలెత్తు గోడ చూపించింది. "గోడ వరకు. అవతల బీచి మాది కాదు. అది ఇప్పుడు అందరిదీ."

"మళ్లీ చెప్పండి మేడం, మా బావకు చెవుడు," అన్నాడు.

"బీచి అందరిదీ," అంది ఆమె.

"ఇన్నావా బావా? ఒరే పిల్లలూ, గిన్నెలు ఎత్తండి! అమ్మమ్మా, గోడ దాటు, నేను పట్టుకుంటాను. మేం ఇక్కడ పడుకోడానికి రాలేదు మేడం. పాలు పొంగడం సూడ్డానికొచ్చాం. సూశాం. ఎల్తన్నాం." బిర్యానీ గిన్నె ముందు, మాంసం గిన్నె తరవాత, దాని వెనక పిల్లలు, ముసలమ్మ కుర్చీతో సహా గోడ దాటేశారు. బొంగాని పులిహోర పట్టుకుని ఆఖరున దూకాడు. ఇంట్లో నేను, నర్సమ్మ, మేనేజరమ్మ మిగిలాం.

"ఇప్పుడు లెక్కపెట్టండి," అన్నాను. "ఆరుకు ఇంకా నలుగురు తక్కువ."

ఆమె తాళాల గుత్తి అటూ ఇటూ తిప్పింది. నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. "ప్లేటు ఖరీదు మాత్రం కట్టాలి సార్," అంది.

"బిల్లు రాయండి. మా పాలు, మా ఖర్చు," అన్నాను.

నర్సమ్మ చెప్పులు కింద పెట్టింది. వేసుకోలేదు. వట్టికాళ్లతోనే గోడ దాటి ఇసుకలో నడిచింది. నేను వెనకాల వెళ్లాను. పాత బోర్డు లేదు గాని ఆ రెండు ఇనుప గుంజలు అలాగే ఉన్నాయి, తుప్పు పట్టి. పిల్లలు అప్పటికే వాటికి తాడు కట్టి తువ్వాళ్లు ఆరేశారు. నర్సమ్మ ఆ తువ్వాళ్ల కింది నుంచి వంగి నడిచి నీళ్లలోకి దిగింది. గంగమ్మ తల్లికి పసుపు, కుంకుమ, ఒక బూరె వేసింది. కెరటం వచ్చి మోకాలి దాకా తడిపింది. "ఒలమ్మా, సల్లగుంది!" అని అరిచింది. పెళ్లినాటి పిల్లలా అరిచింది. ఇంకేం రాయను, రాస్తే బాగుండదు.

ఆ సాయంత్రం ఇసుక మీద తిన్న తిండి నేను ఏ పెళ్లిలోనూ తినలేదు. బొంగాని ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడి, "బాబా, పదేళ్లుగా బీచిల దగ్గర జనాన్ని దింపుతున్నాను. నేను దిగడం ఇదే మొదటిసారి," అన్నాడు. మేనేజరమ్మ బిల్లు తీసుకుని గోడ దగ్గరికి వచ్చింది. నర్సమ్మ ఆమె చేతిలో బూరె పెట్టింది. పాలు ఎందుకు పొంగించారని ఆమె అడిగింది. "మిల్క్ కమ్ అవుట్, ట్రబుల్ గో అవుట్," అని నర్సమ్మ చెప్పింది. ఆమె బూరె కొరికి, బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, "రేపిస్తాను," అంది. ఇంకో బూరె కూడా తిన్నది. చీకటి పడకముందే సిమ్మాద్రి వాళ్లు గిన్నెలు కడుక్కుని మార్‌బర్గ్ వెళ్లిపోయారు, బొంగానిని కూడా వాళ్లింటికే తీసుకుపోయారు. ఇసుక మీద ఒక్క ఎంగిలి ఆకు కూడా మిగల్చలేదు. మనవాళ్లెవరైనా వెళితే ఆ పని మాత్రం తప్పకుండా చెయ్యండి.

మర్నాడు సూర్యుడు నేరుగా మంచం మీదికి వచ్చాడు. నర్సమ్మ లేచి కూర్చుని చాలాసేపు కిటికీలోంచి చూసింది. నేను టీ పెట్టబోయాను. ప్లేటు లేదు గదా. కరెంటు కెటిల్ ఉంది, నీళ్లు కాగుతాయి, సంచీ ముంచితే టీ అవుతుంది. అది టీ కావచ్చు గాని నేను మాట ఇచ్చిన టీ కాదు. మునిసిపాలిటీ వాళ్లు ఇసుక అంచున బ్రై కోసం, అంటే మాంసం కాల్చుకోవడానికి, ఇనుప పొయ్యిలు కట్టించారు. అక్కడికి పోయాను. కొట్టుకొచ్చిన పుల్లలు ఏరాను, సగం తడివి. ఊదీ ఊదీ కళ్లు మండాయి. ఆ ఇత్తడి గిన్నెలోనే, మిగిలిన పాలు పోసి, అల్లం దంచి వేసి పెట్టాను. నర్సమ్మ దుప్పటి కప్పుకుని పక్కన ఇసుకలో కూర్చుంది. "ఇంకొంచెం పంచదార ఎయ్యి మావా. ముప్ఫై ఏళ్ల టీ, సప్పగా ఉండకూడదు," అంది.

టీ ఉడుకుపట్టే వేళకు వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. సిమ్మాద్రి. ఒక చేత్తో రొట్టె పొట్లం, ఇంకో చేత్తో కప్పు. ఇంటి నుంచి నిజంగానే కప్పు తెచ్చుకున్నాడు. నోరు తెరిచాడు, కాని అడగలేదు. నేనే అన్నాను: "అడగరా."

"బావా," అన్నాడు, "టీ మరిగిందా?"

"మరిగింది," అన్నాను. ముందు నర్సమ్మకు పోశాను. తరవాత వాడికి. పుల్లల పొగ వాసన కొట్టింది. ఇద్దరూ రెండోసారి పోయించుకున్నారు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. ఈ క్లబ్బులు అమ్మేది ఇల్లు కాదు, వారం. మేనేజరమ్మ చెప్పింది నిజమే, నేను ఒప్పుకుంటాను. కాని మనిషికి సముద్రం దగ్గర ఎన్ని వారాలు కావాలి? మా తాతలు ఈ సముద్రం దాటే ఈ దేశం వచ్చారు. వచ్చాక దాని ఒడ్డున కూర్చునే వీల్లేకపోయింది. ఇప్పుడు ఉంది. డబ్బున్నవాడికి వరండా నుంచి, లేనివాడికి గోడ అవతల నుంచి. రెండు వైపులా నేను కూర్చుని చూశాను, గోడ అవతలే తిండి రుచిగా ఉంది. అయినా పొద్దున్న కిటికీలోంచి చూసిన నర్సమ్మ మొహం కోసం మళ్లీ కడతాను. వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే. డబ్బు కట్టకముందే మీకు కావలసిన ఇంటి నంబరు కాగితం మీద రాయించుకోండి. ఫోనులో అమ్మాయి సరేనంటే చాలదు.

ఎందుకంటే పోయిన వారం క్లబ్బు వాళ్లు ఉత్తరం పంపారు. ప్లేటు డబ్బు అందిందట, కృతజ్ఞతలట. వచ్చే ఫిబ్రవరికి మాత్రం ఏ నంబరు ఇల్లు ఖాళీగా ఉంటే అది ఇస్తారట, నాలుగో నంబరని మాట ఇవ్వలేరట. క్లబ్బు పెద్దలారా, ఇది మీరూ చదివించుకోండి. మేం పాలు పొంగించిన ఇల్లు అది. నర్సమ్మ వేరే ఇంట్లో పాలు పొంగించకుండా పడుకోదు, ఇది నేను మార్చగలిగే సంగతి కాదు. నాలుగో నంబరు ఇస్తే ఇద్దరం నిశ్శబ్దంగా వచ్చి పోతాం. వేరే నంబరు ఇస్తే అక్కడా ఒక పొయ్యి ఉంటుంది, కప్పులో ఒక గంట ఉంటుంది, మార్‌బర్గ్‌లో మాకు చుట్టాలున్నారు. మనమందరం ఓటు వేసిన రోజు, ఏప్రిల్ ఇరవై ఏడు, సాయంత్రం అయిదు గంటల లోపల నాకు జవాబు కావాలి. నాలుగో నంబరా, లేక ఇంకో గుమ్మడికాయ కొనమంటారా?